పొక్కల పొలం

కోత మిషిను పోయినంక మా దిక్కు పొలాలల్ల
మిగిలేటివి మోకాలెత్తు కొయ్యకాళ్లు,
ఇగ నేను.

హాలియా దాటినంక, కాలువ బ్రిడ్జి కాడ
ఆగి ఉంటది నా ట్రాక్టరు.
ఎనక రోటవేటరు, ముందట ఫైనాన్సోని స్టిక్కరు.
ఐదో తారీఖు కిస్తీ.
గడ్డి కాలకుంటే బ్లేడ్లకు సుట్టుకుంటది,
గంట పని మూడు గంటలైతది.
గందుకే నా జేబుల
బీడీలు లేని దినం ఉన్నది గని
అగ్గిపెట్టె లేని దినం లేదు.

ఏడేండ్ల సంది నేనే అంటువెట్టిన.
పొద్దుగూకంగ ఒక్క మూలకు గీస్తే సాలు,
పటపట పేలుకుంట ఒడ్డుదాంక ఉరుకుతది.
తెల్లారి బూడిదల కంజు పిట్ట గుడ్లు దొరుకుతయి,
ఉడికి, పలిగి.
సూడనట్టు గేరు మార్సేది.

నిరుడు గాలి మర్లింది.
మట్టపల్లి గౌడు తాళ్లు పదకొండు
కమ్మలతోని సహా భగ్గున లేసినయి.
ఆయన నన్ను ఒక్క మాట అనలె.
పొగ సల్లారినంక ఒక్కొక్క తాటికి అరచెయ్యి ఆనిచ్చి
లెక్కవెట్టుకుంట పోయిండు.
పదకొండు కాంగనే
భుజం మీది మోకు తీసి
నా ట్రాక్టరు మడ్‌గార్డు మీద పెట్టిండు.
గది ఇప్పటికీ నా టూల్‌బాక్సుల ఉన్నది,
పానాల కింద, సుట్ట సుట్టుకొని.

ఈ యాసంగికి ఆయన పెండ్లాం అండాలు
రెండెకరాలు కౌలుకు పట్టింది.
నేను బండి దింపబోతే ఒడ్డు మీద నిలవడ్డది.
"అగ్గొద్దు, దున్నుడొద్దు, నువ్వొద్దు."

తాడుకు జానెడుకొక గుడ్డపీలిక కట్టి
ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు గుంజింది.
తుమ్మకట్టెతోని పొక్క,
పొక్కల మక్కగింజ,
బొటనేలుతోని మూత.
కొయ్యకాళ్ల నడుమ వంగుకుంట
రెండెకరాలు
నాలుగు దినాలు.

నేను బ్రిడ్జి మీద కూసొని నవ్విన.
"దున్నకుంట పంట తీస్తే
మా తాతలంత పిచ్చోళ్లానే అక్కా?"
నడుము లేపకుంటనే అన్నది:
"మీ తాత కొడవలితోని మొదలుకంట కోసేటోడు.
కొయ్యకాళ్లే లేనోడు ఏం కాలవెడ్తడు రా?"

అటెంక నాకు నవ్వు రాలె.

పన్నెండో దినం, ఎవ్వరు లేనప్పుడు దిగిన.
పక్కపొంటి నేను కాల్సి దున్నిన మడి
పెంకాసులెక్క ఎండి పగిలింది.
అండాలు మడిల గడ్డి ఎత్తి సూస్తె
కింద సల్లగ తడి.
కాలువ బందువెట్టి నెల దాటినా తడి.
మురిగిన గడ్డి వాసన, ఒక ఎర్ర
నా ఏలు తాకి లోపలికి గుంజుకున్నది.
దాని ఇంటి మీది కప్పు పీకినట్టయింది,
మల్ల కప్పిన.

అన్ని మంచిగనే అయినయని అబద్ధం చెప్ప.
ఎలుకలు రెండు సాళ్లు తవ్వుకొని తిన్నయి.
గడ్డిమందు ఒకపాలి కొట్టక తప్పలె,
ఆ దినం ఆమె రాత్రంత దగ్గింది.
మిగిలిన పొక్కల నుంచి మాత్రం
ఆకుపచ్చగ చెవులు లేసినయి.

మొన్న మొద్దువారిన కట్టె పట్టుకొని
ఆమెనే నా కాడికొచ్చింది.
"మొన సేపియ్యి. ఇంకో ముగ్గురు అడుగుతున్నరు."
ముగ్గురు. అంటే ఆరెకరాలు.
అంటే నా కిస్తీల సగం.
అరిగిపోయిన రోటవేటరు బ్లేడు ఒకటి ఇప్పిన,
నిడమనూరు తీస్కపోయి
కట్టె కొనకు మొన అతికిపిచ్చిన.
ఎందుకు సేసిన్నో నన్నడగొద్దు.

పైసలంటె వద్దన్న.
టూల్‌బాక్సు తెరిసి మోకు తీసిచ్చిన.
ఆమె ముట్టలె.
"ఎక్కనీకి చెట్టున్నప్పుడు
ఆయనే వచ్చి తీస్కపోతడు" అన్నది.

రేపు ఐదో తారీఖు.
బ్రిడ్జి మీద ఒక్కణ్నే బీడీ ముట్టిచ్చిన.
అండాలు మడి దిక్కు నుంచి గాలొస్తున్నది.
పుల్ల ఆరింది,
ఆరిందని నాకు తెలుసు,
ఐనా ఉమ్మితోని తడిపి
ఇంకోపాలి
మట్టిల గుచ్చిన.